వాగు మొదలయ్యేది మోరి దగ్గరే

మే నెలాఖరులో రామగుండం బొగ్గు గనుల దగ్గరి సెంటినరీ కాలనీకి వస్తే ఓ తడి గుడ్డతో ఏ క్వార్టరు కిటికీ చువ్వనైనా తుడిచి చూడండి. పొద్దున తుడిచిన చువ్వే సాయంత్రానికి మళ్లీ గుడ్డను నల్లగా చేస్తుంది. రామగుండం ఎండలు రాష్ట్రంలోనే పేరు మోసినవి. చలికాలం వెళ్లిన దగ్గర్నుంచి జూన్ దాకా గట్టి వాన పడటం అరుదు. ఆ నెలలన్నీ ఓపెన్‌కాస్టు దుమ్ము, లారీల నుంచి రాలిన బొగ్గు పొడి, టైర్లు అరిగి ఊడిన నలుసులు, బ్రేకుల లోహపు రజను, బండ్ల కింద కారిన ఆయిలు చుక్కలు, కుక్కల పెంట, గుట్కా కవర్లు సీసీ రోడ్ల మీదా స్లాబుల మీదా పేరుకుంటూ ఉంటాయి. ఊడ్చేవాళ్లు ఊడుస్తూనే ఉంటారు. చీపురుకు అందని మెత్తటి పొడి మాత్రం అక్కడే ఉండిపోతుంది.

మృగశిర కార్తెలో ఓ మధ్యాహ్నం మబ్బు పట్టి తొలకరి పడుతుంది. మొదటి పావుగంటలో మోరిలో పారే నీళ్లు చిక్కటి టీ డికాక్షన్‌లా ఉంటాయి. గంట గడిచాక అదే మోరిలో, అదే వానకు పారే నీళ్లు చాలా తేటగా ఉంటాయి. ఈ మొదటి నీళ్లను శాస్త్రవేత్తలు ఫస్ట్ ఫ్లష్ అంటారు. తొలకరి కడుగు అంటే మనకు ఇంకా బాగా తెలుస్తుంది. నాలుగు నెలల మురికిలో ఎక్కువ భాగం ఆ కాస్త సేపట్లోనే కదిలి పోతుంది. మిద్దె మీది వాన నీళ్లు పట్టుకునే ఇళ్లలో మొదటి వానను తొట్టిలోకి రానివ్వకుండా బయటికి వదిలేస్తారు. వదిలేసిన ఆ నీళ్లు ఎక్కడికి పోతాయన్నదే ఈ అధ్యాయం.

లెక్క చిన్నదే. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. హెక్టారు విస్తీర్ణం మీద 25 మిల్లీమీటర్లు పడితే రెండున్నర లక్షల లీటర్లు. గడ్డి నేల ఇందులో ఎక్కువ భాగాన్ని తాగేస్తుంది. కాంక్రీటు దాదాపు అంతా మోరికే అప్పజెబుతుంది. ఈ ప్రాంతంలో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడుతుంది, అందులో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. అంత నీరు మోరిలోంచి నాలాలోకి, నాలాలోంచి వాగులోకి, వాగులోంచి గోదావరిలోకి చేరుతుంది. దారిలో దానికి శుద్ధి కేంద్రం ఏదీ ఎదురుకాదు.

ఇక్కడ మన భాషలోనే ఒక చిక్కుంది. వాన నీళ్లు పోయేదాన్నీ మోరి అంటాం, బాసన్లు తోమిన నీళ్లు పోయేదాన్నీ మోరి అంటాం. రెండూ వేరు కావాలని ఇంజినీర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. మురుగు పైపు శుద్ధి కేంద్రానికి పోవాలి, వాన కాలువ ఏటికి పోవాలి. మన ఊళ్లలో చాలాచోట్ల రెంటికీ ఒకే తెరచిన కాలువ. కాబట్టి మోరిలో ఏం పోసినా పోయేది మురుగులోకే కదా అని మనసు సర్దుకుంటుంది. పోసింది మాత్రం నేరుగా వాగులోకి పోతుంది.

సెంటినరీ కాలనీ పేరులోనే సింగరేణి నూరేళ్లు ఉన్నాయి. 1889లో ఇల్లందు ప్రాంతంలో మొదలైన బొగ్గు తవ్వకం 1989కి వందేళ్లు నింపుకుంది. రామగుండం-3 ఏరియా గనుల కోసం పెరిగిన ఈ కాలనీ ఇప్పుడు పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలో ఉంది. ఇది మున్సిపాలిటీ కాదు. అటు గోదావరిఖని రామగుండం నగరపాలక సంస్థ కింద ఉంది, ఇటు మంథని మున్సిపాలిటీ. మధ్యలో కంపెనీ కాలనీ, దాని చుట్టూ గ్రామ పంచాయతీలు. పట్టణాలకు 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం వర్తిస్తుంది, గ్రామాలకు 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం. కంపెనీ క్వార్టర్ల మధ్య మోరీని కంపెనీయే చూసుకోవాలి. వాన నీటికి ఈ హద్దులేవీ తెలియవు. క్వార్టర్ల గల్లీలో పడిన చినుకు పంచాయతీ కాలువ దాటి వాగులో కలిసేసరికి అది ఎవరి పూచీ అన్నది ఎవరికీ కాకుండా పోతుంది.

అయినా వీటన్నిటి మీదా పరుచుకున్న చట్టం ఒకటుంది. 1974లో పార్లమెంటు చేసిన జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం అది. అందులో ‘ప్రవాహం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చదివినప్పుడల్లా దాన్ని రాసినవాళ్ల మీద నాకు గౌరవం కలుగుతుంది. నది మాత్రమే కాదు, నీటి పారుదల దారి ఏదైనా సరే, అది పారుతున్నా, ప్రస్తుతానికి ఎండి ఉన్నా ప్రవాహమే అంటుంది ఆ నిర్వచనం. మన వాగులు ఏడాదిలో చాలా నెలలు ఎండే ఉంటాయి. ఎండిన వాగులో ఇసుక తోడేస్తాం, చెత్త గుమ్మరిస్తాం, కూల్చిన ఇంటి పెళ్లలు పోస్తాం. నీళ్లు లేనప్పుడు అది వాగని అనిపించదు. చట్టం దృష్టిలో మే నెల వాగూ వాగే. 24వ సెక్షన్ ప్రకారం, తెలిసీ కాలుష్య పదార్థాన్ని అందులోకి వదలడం చట్టవిరుద్ధం. అంతే కాదు, కాలుష్యం బాగా ముదిరేలా నీటి పారకానికి అడ్డుపడే ఏ వస్తువునైనా తెలిసి వేయడాన్ని కూడా అదే సెక్షన్ నిషేధించింది. మురుగు కాలువకు ఇచ్చిన నిర్వచనం తెరిచి ఉన్న కాలువకూ మూసి ఉన్న కాలువకూ సమానంగా వర్తిస్తుంది. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నియమాలు మరింత సూటిగా చెప్పాయి: చెత్తను వీధిలోనో, మోరిలోనో, నీటి వనరులోనో ఎవరూ వేయకూడదు.

నిషేధం ఉందన్నమాట. లేనిది కొలత. అదెలాగో తెలియాలంటే కాలనీ నుంచి గని వైపు వెళ్లాలి.

ఓపెన్‌కాస్టులో బొగ్గు తీయాలంటే దానికి కొన్ని రెట్ల మట్టి, రాయి ముందుగా తీయాలి. తీసినదంతా గుట్టలుగా పోస్తారు. రామగిరి ఖిల్లా నిలిచిన గుట్టలు దేవుడిచ్చినవి. వాటికి ఎదురుగా మనుషులు పోసిన ఈ మట్టి గుట్టలు ఈ నేలకు కొత్త రూపం ఇచ్చాయి. వాటి మీద వాన పడితే మట్టి కోసుకుని వస్తుందని అందరికీ తెలుసు కనుక, గనులకు పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు షరతులు పెడతారు. గుట్ట పాదం చుట్టూ దండలా కాలువ తవ్వాలి. గార్లండ్ డ్రెయిన్ అంటారు దాన్ని. పాదం జారకుండా గోడ కట్టాలి. ఆ కాలువ నీరు నేరుగా వాగులోకి పోకూడదు, ముందు పూడిక తేరే చెరువులో నిలవాలి. అకస్మాత్తుగా వచ్చే అతి పెద్ద వానకు తగ్గట్టు, దాని మీద ఇంకో సగం అదనంగా ఆ చెరువుకు చోటుండాలి. కాలువల్లో పూడిక ఎప్పటికప్పుడు తీయాలి. ఇక అంకెలు: బొగ్గు గనులకు కేంద్రం 2000లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, బయటికి వదిలే నీటిలో తేలే నలుసు లీటరుకు 100 మిల్లీగ్రాములు, నూనె, జిడ్డు 10 మిల్లీగ్రాములు మించకూడదు. ఆమ్లత్వం, క్షారత్వం 5.5 నుంచి 9 పీహెచ్ మధ్య ఉండాలి.

పూడిక చెరువు ఎందుకు, ఎంతసేపు అన్నదాంట్లో అందమైన భౌతికశాస్త్రం ఉంది. నీటిలో నలుసు ఎంత వేగంగా కిందికి దిగుతుందో పందొమ్మిదో శతాబ్దంలో జార్జ్ స్టోక్స్ లెక్కగట్టాడు. రెండు సంగతులు దాన్ని నిర్ణయిస్తాయి: నలుసు పరిమాణం, నీటికన్నా అది ఎంత బరువు అన్నది. పరిమాణం సగమైతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. ఇసుక సాంద్రత నీటికి రెండున్నర రెట్లు దాటుతుంది. బొగ్గుది దాదాపు 1.4 రెట్లే. మిల్లీమీటరులో నూరో వంతు ఉన్న ఇసుక నలుసు మీటరు లోతు దిగడానికి దాదాపు మూడు గంటలు పడితే, అంతే ఉన్న బొగ్గు నలుసుకు పన్నెండు గంటలు దాటుతుంది. మెత్తటి బంకమట్టి నలుసుకు నిశ్చలమైన నీటిలో మూడు రోజులు చాలవు. మోరిలో పారే నీటికి అంత తీరిక ఎక్కడిది? అందుకే బొగ్గు నలుపు పుట్టిన చోట ఆగకుండా చాలా దూరం పోతుంది. ఇంట్లోనే చూడవచ్చు: రెండు గాజు సీసాల్లో నీళ్లు పోసి, ఒకదాంట్లో మెత్తటి ఇసుక, ఇంకోదాంట్లో కిటికీ చువ్వ మీది దుమ్ము వేసి కుదిపి పెట్టండి. ఇసుక సీసా మీరు అన్నం తిని వచ్చేలోగా తేరుకుంటుంది. రెండోది మరునాటికీ మసకగానే ఉంటుంది.

ఇక్కడే ఒక మేలు కూడా చెప్పాలి. మన గోండ్వానా బొగ్గులో గంధకం తక్కువ. మేఘాలయలోని జయంతియా కొండల బొగ్గులో గంధకం ఎక్కువ. అక్కడ గనుల నుంచి దిగే నీరు ఆమ్లంగా మారి వాగుల్లో చేపలే లేకుండా చేసింది. లుఖా నది చలికాలంలో వింత నీలంగా మారుతుంది. ఆ కష్టం గోదావరి లోయకు చాలావరకు తప్పింది. మనకు మిగిలింది నలుసు, నూనె, మురుగు. ఈ మూడూ మనిషి ఆపగలిగినవే.

ఇప్పుడు రోడ్డు దాటి మళ్లీ కాలనీలోకి రండి. గుట్ట మీద పడిన వానకు కాలువ, చెరువు, మిల్లీగ్రాముల లెక్క ఉన్నాయి. అదే మబ్బు, అదే వాన, క్వార్టర్ల మీద పడితే మాత్రం ఏ చెరువూ లేదు, ఏ మిల్లీగ్రామూ లేదు. గని నీటికి ఉన్నట్టుగా వీధి వాన నీటికి మన దేశంలో ప్రత్యేక ప్రమాణం పెట్టలేదు. నా వాదన అంతా ఇదే: గని అంచున ఒప్పుకున్న సత్యాన్ని గల్లీ అంచున కూడా ఒప్పుకోవాలి.

గల్లీలో దిగే వాటిలో అన్నిటికన్నా మోసకారి ఆయిలు. మెకానిక్ షెడ్డు ముందు మోరిలో లీటరు ఇంజిన్ ఆయిలు పారబోశారనుకుందాం. నీటి మీద వానవిల్లు రంగులు కనిపించాయంటే ఆ పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతుకు దగ్గర్లో, ఇంకా పల్చగా కూడా ఉందని అర్థం. కాంతి తరంగం పొడవుతో పోల్చదగినంత పల్చని పొర కనుకే, దాని పైముఖం నుంచీ కిందిముఖం నుంచీ తిరిగొచ్చే కిరణాలు ఒకదాన్నొకటి కలుపుకుని, కొట్టేసుకుని ఆ రంగులు పుట్టిస్తాయి. మిల్లీమీటరులో వెయ్యో వంతు మందంతో పరిస్తే లీటరు ఆయిలు 1,000 చదరపు మీటర్లు కప్పుతుంది. అంటే పావెకరం. ఇంకా పల్చబడితే ముప్పావు ఎకరం దాటుతుంది. దాని కింద నీటికి గాలి సరిగా అందదు. వాడేసిన ఆయిలును 2016 నాటి మరో నియమావళి ప్రమాదకర వ్యర్థాల్లో చేర్చింది. అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే అది చేరాలి.

కానీ మన ఊళ్లలో మోరిలోకి ఆయిలును కావాలని వేసేవాళ్లూ ఉన్నారు. రంపపు పొట్టును గుడ్డలో మూటగట్టి, వాడేసిన ఆయిలులో ముంచి, ఆయిల్ బాల్స్ పేరుతో మురుగు గుంటల్లో వేస్తారు. దోమ పిల్లలు నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోకుండా ఆ పొర అడ్డుపడుతుంది. ఉద్దేశం మంచిదే. క్యూలెక్స్ దోమకు మురుగు నీరంటేనే ఇష్టం, బోదకాలు అంటించేది అదే. ఆ జబ్బు మన ఉత్తర తెలంగాణకు కొత్త కాదు. బయటికి దారి లేని గుంటలో ఆయిలు వేయడం ఒకటి, రేపు వానకు వాగులోకి కొట్టుకుపోయే మోరిలో వేయడం ఇంకొకటి. రెండోదాన్ని నేను ఒప్పుకోలేను. దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు, ప్రధానంగా ఆ పిల్లల్నే చంపే బీటీఐ సూక్ష్మజీవి మందు ఉన్నాయి. వాటన్నిటికన్నా ముందు, బాగా పారే మోరిలో దోమ గుడ్లు పెట్టడం అరుదు. పూడిక తీసిన మోరీయే అసలు మందు.

ఇక మురుగు. మామూలు ఇళ్ల మురుగు నీరు లీటరు కుళ్లడానికి 200 మిల్లీగ్రాములకు తక్కువ కాకుండా ఆక్సిజన్ కావాలి. మన ఎండలకు 30 డిగ్రీల దగ్గర ఉన్న తేట నీటిలో లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజనే కరుగుతుంది. అంటే లీటరు మురుగు ఇరవై ఆరు, ఇరవై ఏడు లీటర్ల వాగు నీటి ఊపిరిని తాగేస్తుంది. ఎండాకాలపు వాగులో అన్ని నీళ్లుంటేనే కదా! మోరి చివర నల్లటి బురద, కుళ్లిన గుడ్ల వాసన వస్తున్నాయంటే అక్కడ ఆక్సిజన్ అయిపోయి, అది లేకుండా బతికే సూక్ష్మజీవులు రాజ్యమేలుతున్నాయన్నమాట. సబ్బు నీళ్లలోని పోషకాలు కిందనున్న చెరువులో గుర్రపుడెక్కకు ఎరువవుతాయి.

మోరికి నియమం పెట్టి, దాన్ని కాపలా కాయడం ఎలాగో ఇతర దేశాలు ఆలస్యంగానే నేర్చుకున్నాయి. అమెరికా 1972లో స్వచ్ఛ జల చట్టం చేసినప్పుడు దాని చూపంతా ఫ్యాక్టరీ పైపుల మీదే. 1978 నుంచి 1983 దాకా ఎన్నో నగరాల్లో వీధి వాన నీటిని పరీక్షించాక గానీ, ఆ నీరు కూడా నదుల్ని పాడుచేస్తోందని అధికారికంగా తేలలేదు. 1987లో చట్టాన్ని సవరించారు. 1990లో లక్ష జనాభా దాటిన నగరాలకు, 1999లో చిన్న పట్టణాలకూ నియమాలు వచ్చాయి. ప్రతి ఊరూ తన సొంత ఆర్డినెన్సు చేసుకోవాలి: వాన కాలువలో వాన తప్ప ఇంకేదీ దిగకూడదు. మినహాయింపులు కూడా జాబితా కట్టి పెట్టుకున్నారు. మంటలార్పిన నీళ్లు, తోటకు పెట్టగా పారిన నీళ్లు, ఇంటి ముందు సొంత కారు కడిగిన నీళ్లు, ఇలాంటివి. అందులో నాకు వివేకం కనిపిస్తుంది. వాకిట్లో సాన్పు చల్లే అమ్మకూ, వారానికి డ్రమ్ము ఆయిలు పారబోసే షెడ్డుకూ ఒకే జరిమానా రాసిన నియమం కాగితం మీదే ఉండిపోతుంది.

పట్టుకునే పద్ధతి ఇంకా బాగుంది. దానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. వాన వెలిసి మూడు రోజులు గడిచాక, కాలువ వాగులో కలిసే చోటికి నడిచి వెళతారు. వాన కాలువ అయితే అప్పటికి ఎండిపోయి ఉండాలి. పారుతోందా? అయితే ఎవరో ఏదో వదులుతున్నారు. నురగ ఉంటే సబ్బు, జిడ్డు ఉంటే హోటలో షెడ్డో, అమ్మోనియా వాసన వస్తే మురుగు, తెల్లగా ఉంటే సున్నమో రంగో. అక్కడి నుంచి ఒక్కో కూడలి దగ్గర ఆగి, ఏ కొమ్మలోంచి వస్తోందో చూసుకుంటూ పైకి నడుస్తారు. అనుమానం ఉన్న ఇంటి గొట్టంలో హాని చేయని రంగు నీళ్లు పోసి కింద కనిపెడతారు. కాలువ కొస నుంచి మొదలుకు నడవడమే ఈ శాస్త్రమంతా.

మన దగ్గర మోరి మూడు వందల అరవై అయిదు రోజులూ పారుతుంది కదా, ఈ పరీక్ష ఎలా కుదురుతుందని అడగవచ్చు. ఆ ప్రశ్నలోనే రోగం పేరు ఉంది. బాసన్ల నీళ్లు, స్నానాల నీళ్లు ఇంకుడు గుంతకో మురుగు పైపుకో మళ్లితే తప్ప వాన కాలువ వాన కాలువ కాదు. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్‌లోకి దిగే నాలాల దగ్గర మురుగును అడ్డగట్టి శుద్ధి కేంద్రానికి మళ్లించారు. పొడి రోజుల్లో ఆ ఏర్పాటు పనిచేస్తుంది. పెద్ద వాన పడితే వానా మురుగూ కలిసి అడ్డుకట్ట దాటి చెరువులోకే దిగుతాయి. కొస దగ్గర ఎంత ఖర్చు పెట్టినా మొదట్లో విడదీయనిదాన్ని పూర్తిగా విడదీయలేం. మహానగరం అయిపోయాక చేయలేనిది, క్వార్టర్లు వరుసగా ఉన్న కాలనీలో చేయవచ్చు. క్వార్టర్లన్నీ ఒకే యజమానివి కావడం ఇక్కడి అదృష్టం. ఏ ఇంటి గొట్టం ఏ మోరిలో పడుతుందో ఒక నక్షా గీయడానికి వంద మంది సంతకాలు అక్కర్లేదు. గని చుట్టూ దండ కాలువ తవ్విన చేతులకు కాలనీ కొసన ఒక చిన్న పూడిక గుంట, దానికి ముందో ఇనుప జాలి పెట్టడం పెద్ద పని కాదు. తొలకరి నీళ్లు ఒక్క పూట అందులో నిలిస్తే నలుసులో బరువైన భాగమైనా దిగిపోతుంది. మోరిలోంచి తీసిన పూడికను మోరి గట్టునే పోసి వదిలేస్తే తర్వాతి వాన దాన్ని మళ్లీ లోపలికి తోస్తుంది. కాబట్టి తీసిన రోజే ట్రాక్టరుకు ఎత్తాలన్నది కూడా నియమంలో రాయాలి.

ఈ నీటికి కింద ఎదురుచూసేవాళ్లున్నారు. కాలనీ దాటితే గోదావరి మీద సుందిళ్ల బ్యారేజీ, ఆ తర్వాత మంథని, ఇంకా కిందికి వెళితే ప్రాణహిత కలిసే కాళేశ్వరం. పుష్కరాలకు మునిగేది ఆ నీళ్లలోనే, చేపలు పట్టేది ఆ నీళ్లలోనే.

ఈ జూన్‌లో మొదటి గట్టి వాన పడినప్పుడు ఒక ఖాళీ సీసాలో మీ వీధి మోరి నీళ్లు పట్టి, తేదీ రాసి, కిటికీలో పెట్టండి. వాన వెలిసిన నాలుగో రోజు పొద్దున్నే మీ మోరి వాగులో కలిసే చోటికి పిల్లల్ని కూడా తీసుకుని వెళ్లండి. పారుతూ కనిపిస్తే రంగు చూడండి, వాసన చూడండి, చేయి మాత్రం పెట్టకండి. అక్కడి నుంచి పైకి నడిచి, అది ఎక్కడ మొదలైందో కాగితం మీద గీసి, పంచాయతీలోనో కాలనీని చూసుకునే ఆఫీసులోనో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.